ఛాతీకి గట్టి దెబ్బ తగిలితే ఎక్స్‌రే చాలా, ఈసీజీ కూడా కావాలా? ఏది మేలు?

కనుమ రోజు రాత్రి మా చిన్నాయన మంచం మీద కూర్చుని, నా వేళ్లు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టుకున్నాడు. "చూడు పాపా, రెండు కొట్టుకుని ఒకటి ఎగరగొడతా ఉంది" అన్నాడు. చూశాను. నిజమే. రెండు దెబ్బలు సరిగ్గా పడి, మూడోది తొందరపడి వచ్చి, ఆ తర్వాత కాసేపు ఖాళీ.

మాది చంద్రగిరి పక్కన పల్లె. ఎ.రంగంపేట అంత జనం రారు గానీ, మా వీధిలోనూ పశువుల పండుగ చేస్తారు, కోడెల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు. గోడకు ఆనుకుని చూస్తున్న మనిషిని ఒక కోడె వచ్చి సరిగ్గా రొమ్ము మధ్యన కుమ్మింది. లేచాడు, నీళ్లు తాగాడు, నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకుపోతే ఎక్స్‌రే తీసి, ఎముకలు విరగలేదు, భయం లేదని నొప్పికి ఇంజెక్షన్ వేసి పంపించేశారు. నేను తిరుపతిలో డ్యూటీ దిగి ఊరు చేరేసరికి రాత్రి 8 దాటింది. క్యాజువాలిటీలో నర్సుగా 14 ఏళ్లుగా పనిచేస్తున్నా, సొంత మనిషి నాడి అలా తప్పుతుంటే చేయి వణికింది.

అందుకే ఇది రాస్తున్నాను. బైక్ హ్యాండిల్ గుచ్చుకున్నా, స్టీరింగ్ తగిలినా, ఎద్దు కుమ్మినా, మిద్దె మీద నుంచి పడినా, మనవాళ్లు మొదట అడిగేది "ఎముక విరిగిందా?" అని. ఆ ప్రశ్నకు జవాబు ఎక్స్‌రే చెబుతుంది. పక్కటెముకలు విరిగాయా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, రక్తం చేరిందా అన్నది చూపిస్తుంది. దాన్ని తీసిపారేయడానికి లేదు, తీయించుకోవాల్సిందే. కానీ గుండె కండరం కమిలితే ఎక్స్‌రేలో కనబడదు. రొమ్ము ఎముకకు వెంటనే వెనకాల ఉండేది గుండె కుడివైపు కింది గది. ముందు నుంచి దెబ్బ పడితే ఎక్కువగా నలిగేది అదే. దానికోసం ఎముక విరగాల్సిన పని లేదు. రొమ్ము ఎముక విరిగినంత మాత్రాన గుండె దెబ్బతిన్నట్టు కూడా కాదు. రెండూ వేర్వేరు లెక్కలు.

ఎక్స్‌రే ఒక్కటా, ఈసీజీ ఒక్కటా అని అడిగితే, గుండె సంగతి వరకు నేను ఈసీజీ వైపే. 5 నిమిషాల పని, నొప్పి లేదు, చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది. గుండె కమిలినప్పుడు ముందుగా చెడేది దాని లయ. ఊరికే వేగంగా కొట్టుకోవడం, మధ్యలో అదనపు దెబ్బలు, లయ పూర్తిగా గతి తప్పడం, గుండెను కొట్టించే కరెంటు కుడివైపుకు పోయే దారి మూసుకుపోవడం, ఇవన్నీ కాగితం మీద గీతల్లో పడతాయి. ఛాతీకి గట్టి దెబ్బ తగిలి గుండె మీద అనుమానం ఉన్న ప్రతి మనిషికీ ముందు ఈసీజీ తీయాలన్నది ట్రామా వైద్యంలో ఒప్పుకున్న పద్ధతి.

అయితే ఈసీజీకీ ఒక లోటుంది. ఆ గీతల్లో ఎక్కువ పాలు గుండె ఎడమ గదిది, ఎందుకంటే దాని కండరం మందం. దెబ్బ తినేదేమో పల్చటి కుడి గది. కాబట్టి ఈసీజీ బాగుందని ఒక్కదాన్నే నమ్మి ఇంటికి పోవడం కూడా నాకు ఇష్టం ఉండదు. దానికి తోడు కావాల్సింది ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష. గుండె కండరం నలిగితే అందులోంచి ట్రోపోనిన్ రక్తంలోకి కారుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్నిచోట్ల ఇప్పటికీ సీపీకే పరీక్ష రాస్తుంటారు. ఛాతీ మీది మామూలు కండలు కమిలినా సీపీకే పెరుగుతుంది, అందువల్ల దెబ్బ తగిలిన మనిషిలో అది దారి తప్పిస్తుంది. రెండిట్లో ఒకటి చేయించాలంటే ట్రోపోనినే.

ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. దెబ్బ తగిలిన అరగంటలో రక్తం ఇచ్చి "నార్మల్" అని కాగితం పట్టుకుని వెళ్లిపోతే ఏం తెలిసినట్టు? 4 నుంచి 6 గంటల తర్వాత ఇంకోసారి చూడాలి. ఆ గంటలు ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవడం అందరికీ కష్టమే. పిల్లలు ఇంట్లో ఉంటారు, పాలు పితకాలి, ఆటో దొరకదు. నేను రోజూ వినే మాటలే ఇవి. అయినా నేను "ఉండండి" అనే చెబుతాను. ఈసీజీ, ట్రోపోనిన్ రెండూ బాగుంటే గుండెకు దెబ్బ లేదని దాదాపుగా తేల్చేయొచ్చు. అప్పుడు ఇంటికి పోయి నిద్రపోవచ్చు, గుండె కోసం వేలు పోసి వేరే స్కాన్లు అక్కర్లేదు. ఈసీజీలో తేడా ఉంటే మాత్రం ఒక రోజు మానిటర్ పెట్టి చూడాలి.

చిన్నాయనను ఆ రాత్రే కారులో తిరుపతి తీసుకొచ్చాం. ఈసీజీలో అదనపు దెబ్బలు కనిపించాయి. మొదటి ట్రోపోనిన్ కొంచెం ఎక్కువ, తెల్లవారుజామున చేసింది ఇంకా ఎక్కువ. అప్పుడు ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, చేశారు. తెర మీద ఎడమ గది గోడ చక్కగా ముడుచుకుని తెరుచుకుంటుంటే, కుడి గది ముందు గోడ మాత్రం బద్ధకంగా కదిలింది. గుండె చుట్టూ నీరు లేదు, కవాటాలు బాగున్నాయి. 2 రోజులు మానిటర్ మీద ఉంచి పంపించారు. కొన్ని వారాల తర్వాత తీసిన ఎకోలో గోడ మామూలుగా కదిలింది.

ఎకో అందరికీ ఎందుకు చేయరని చాలామంది అడుగుతారు. బీపీ పడిపోతున్నా, లయ తప్పడం ఆగకపోయినా, గుండె చప్పుడులో కొత్త శబ్దం వినిపించినా ఎకో తప్పనిసరి. మిగతావాళ్లకు ఈసీజీ, ట్రోపోనిన్ బాగున్నాక ఎకో చేసినా కొత్తగా తెలిసేది తక్కువ. సీటీ స్కాన్ పని వేరు. మంచి స్పీడులో పోతున్న బండి ఒక్కసారిగా ఆగినప్పుడు గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం చీలే ప్రమాదముంది, దాన్ని పట్టుకునేది సీటీ.

ఇంట్లో చేసే ఒక పొరపాటు గురించి చెప్పకుండా ఉండలేను. దెబ్బ తగిలాక ఛాతీ నొప్పి అంటే గుండెపోటు అనుకుని ఆస్పిరిన్ మింగిస్తారు, నాలుక కింద మాత్ర పెడతారు. లోపల రక్తం కారుతుంటే ఆస్పిరిన్ దాన్ని ఇంకా పెంచుతుంది, నాలుక కింద మాత్ర బీపీని దించుతుంది. ఆ పరిస్థితిలో మాత్రలు వేయకపోవడమే మేలు.

ఇక పూర్తిగా వేరే రకం దెబ్బ ఒకటుంది. యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆదివారం పిల్లలు ఆడుతుంటారు. కార్క్ బంతి ఛాతీకి తగిలి ఒక పిల్లాడు రెండడుగులు వేసి కుప్పకూలాడనుకోండి. అతని గుండెకు గాయం ఉండకపోవచ్చు. గుండె ఒక దెబ్బ కొట్టి మళ్లీ సిద్ధమయ్యే సమయంలో, సెకనులో నూటికి రెండు మూడు వంతులంత చిన్న వ్యవధి ఉంటుంది. సరిగ్గా అప్పుడు బంతి తగిలితే గుండె కొట్టుకోవడం మాని గిలగిలలాడుతుంది. దీన్ని కమోషియో కార్డిస్ అంటారు. 2023 జనవరి 2న అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ మైదానంలోనే కూలిపోయింది దీనివల్లే. అక్కడికక్కడే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చారు కాబట్టి బతికాడు, మళ్లీ ఆడాడు కూడా.

అలాంటప్పుడు ఆటోలో వేసుకుని తిరుపతి రుయా ఆస్పత్రికి పరుగెత్తడం మేలా, అక్కడే ఛాతీ నొక్కడం మేలా? పిల్లాడు పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా లేకపోతే నేలమీదే పడుకోబెట్టి నొక్కడం మొదలుపెట్టాలి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఊగే ఆటో సీటు మీద ఆ లోతు రానే రాదు. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు 10 శాతం తగ్గిపోతుంది. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మెషిన్ అందుబాటులో ఉంటే తెప్పించి ప్యాడ్లు అంటిస్తే చాలు, ఏం చేయాలో అదే మాటల్లో చెబుతుంది.

చిత్తూరు వైపు బంధువులు అడిగే ప్రశ్న ఇంకోటి: తిరుపతికి పోవాలా, వేలూరికా? తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు, వేలూరు అందులో సగం. మనిషి మాట్లాడుతూ, నాడి బలంగా ఉంటే ఎటుపోయినా ఫర్వాలేదు, ఖర్చు, కార్డు, తోడుండే మనుషులు చూసుకుని నిర్ణయించుకోవచ్చు. కానీ చేతులు చల్లబడి చెమటలు పడుతూ, మెడ నరాలు ఉబ్బి, బీపీ దిగుతుంటే గుండె చుట్టూ రక్తం చేరి దాన్ని నొక్కేస్తుండవచ్చు. అప్పుడు వేలూరూ వద్దు, తిరుపతీ వద్దు. ముందు చిత్తూరు జిల్లా ఆస్పత్రికే పోండి, అల్ట్రాసౌండ్ పెట్టి చూడమని అడగండి. ఆ పైన ఎక్కడికి పంపినా 108లోనే పంపమనండి, తీసిన ఈసీజీ కాగితం మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.