జాగ్రత్త: ప్రోవాన్స్‌లో "బీచ్ 25 నిమిషాలు" అన్న ఇల్లు తీసుకునే ముందు పిన్‌కోడ్ చూడండి

ఫ్రాన్స్ దక్షిణాన ప్రోవాన్స్‌లో వేసవి సెలవులు గడుపుదామని ఇల్లు వెతుకుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "అటు సముద్రం, ఇటు పల్లెటూరు, రెండూ ఒక్క ఇంటి నుంచే" అనే ప్రకటన చూసి మనసు పారేసుకున్నవాళ్ళ కోసం. మేమూ అలాగే పారేసుకున్నాం. 1,710 యూరోలు కట్టాం. వారం మొత్తంలో సముద్రం చూసింది ఒక్క పూట, అదీ రానూపోనూ నాలుగు గంటలు కారులో కూర్చుని.

ఆ ప్రకటన నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మొదటి ఫొటోలో ఊదారంగు లావెండర్ వరసలు, వాటి చివర రాతి ఇల్లు. రెండో ఫొటోలో పాలు కలిపినట్టున్న నీలం నీళ్ళు, చిన్న చిన్న పడవలు, ఒడ్డున తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్న జనం. కింద ఫ్రెంచిలో ఒక్క లైను: ప్లాజ్, 25 నిమిషాలు. ప్లాజ్ అంటే బీచ్ అని మాకు తెలుసు. తెలిసిన ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఆగస్టు మొదటి శనివారం దిగాం. అక్కడ సీజన్‌లో ఇళ్ళు చాలావరకూ శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, కాబట్టి దేశంలో సగం మంది ఆ రోజే రోడ్డు మీద ఉంటారు. బిజోఁ ఫుతే అని వాళ్ళ ప్రభుత్వ ట్రాఫిక్ సమాచార సంస్థ ఒకటి రోజులకు రంగులిస్తుంది: ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. ఆగస్టు మొదట్లో శనివారాలు ఎరుపో నలుపో అవుతుంటాయి. ఈ సంగతి ముందే తెలిసుంటే కనీసం తెల్లవారుజామునే బయల్దేరేవాళ్ళం. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. పొలాలు కనపడలేదు. మా అత్తయ్యకు మాత్రం కారు దిగగానే లావెండర్ వాసన కొట్టింది. "పూలు దగ్గర్లోనే ఉన్నాయే" అని మురిసిపోయారు.

పొద్దున లేచి కిటికీ తెరిస్తే ఎదురుగా గుండు కొట్టించినట్టు పొలం. బూడిదరంగు మోళ్ళు వరసలు వరసలుగా. రాత్రి వచ్చిన వాసన పూలది కాదు, కోసిన పంటను నూనె తీసే బట్టీలో కాస్తుంటే వచ్చింది. మా ఇల్లున్న వలాన్‌సోల్ పీఠభూమి మీద పండేది ఎక్కువగా లావెండిన్ అనే సంకరజాతి. జూన్ రెండో సగం నుంచి జూలై మధ్య దాకా పూత బాగుంటుంది, ఆ తర్వాత యంత్రాలు దిగుతాయి. ఆగస్టులో పూలు చూడాలంటే ఇంకా ఎత్తున ఉన్న సో (Sault) అనే ఊరి వైపు వెళ్ళి వెతుక్కోవాలి. అక్కడ కోత ఆలస్యం, ఆగస్టు 15న లావెండర్ పండగ కూడా చేస్తారు. ఇది చూసుకోకపోవడం మా తప్పే, ఓనరును అనడానికి లేదు. ఫొటో ఏ నెలలో తీశారని అడగలేదు.

సరే, పూలు పోతే పోయాయి, బీచ్ ఉందిగా అనుకున్నాం. ఆదివారం బట్టలూ బొమ్మలూ సర్దుకుని ఓనరు పంపిన లొకేషన్ పట్టుకుని వెళ్ళాం. సరిగ్గా 25 నిమిషాలే పట్టింది. మలుపు తిరగ్గానే ఫొటోలో ఉన్న నీళ్ళే, అచ్చం అదే రంగు. పిల్లలు కేకలు. మా చిన్నది అందరికంటే ముందు పరిగెత్తి దిగింది, మునిగి లేచింది, పెదాలు నాక్కుని వెనక్కి తిరిగి, "అమ్మా, ఈ నీళ్ళు ఉప్పగా లేవేంటి?" అంది.

అప్పుడు చూశాను అవతలి ఒడ్డు. చుట్టూ కొండలు. అలలు లేవు. అది సెంట్ క్రువా సరస్సు. 1970లలో వెర్డాన్ నది మీద ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడింది. లే సాల్ అనే ఊరు దానిలో మునిగిపోతే పైన ఒడ్డున మళ్ళీ కట్టుకున్నారు. అక్కడ పెట్రోలు ఇంజన్ పడవలు నిషేధం, తొక్కే పడవలూ బ్యాటరీ పడవలే తిరుగుతాయి. ఫొటోలో ఉన్న "చిన్న చిన్న పడవలు" అవే. నిజం చెప్పాలంటే అందమైన చోటు. సరస్సు చూడ్డానికే వెళ్ళి ఉంటే హాయిగా ఉండేది. కానీ మా అత్తయ్య జీవితంలో మొదటిసారి విదేశీ సముద్రం చూస్తానని చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఓనరుకు మెసేజ్ పెడితే పది నిమిషాల్లో జవాబు: "నేను సముద్రం అని ఎక్కడ రాశాను?" పాత మెసేజ్‌లన్నీ వెనక్కి తిప్పి చూశాం. నిజమే, ఎక్కడా లేదు. మేము "బీచ్ శుభ్రంగా ఉంటుందా?" అన్నాం, "చాలా" అన్నారు. "పిల్లలకు లోతు ఎక్కువా?" అన్నాం, "అస్సలు కాదు, అలలుండవు" అన్నారు. అలలుండవు అన్నప్పుడైనా బుర్ర వెలగాలి కదా! ఫ్రెంచిలో సరస్సు ఒడ్డునైనా, నది ఒడ్డునైనా ఈతకు వీలున్న చోటు ప్లాజే. ఈ బేరంలో అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. మేము సముద్రం అనుకుంటున్నామని ఓనరుకు మొదటి రోజే అర్థమై ఉంటుందని నా నమ్మకం. కానీ రుజువు లేదు.

ఇక అసలు సంగతి, పిన్‌కోడ్. ఫ్రాన్స్‌లో పిన్‌కోడ్ అయిదంకెలు, మొదటి రెండూ జిల్లా లాంటి విభాగం నంబరు. ప్రోవాన్స్ పేరుతో మీకు కనిపించే ఇళ్ళు దాదాపు అయిదింటిలో ఏదో ఒక దాన్లో ఉంటాయి. 06 అంటే నీస్ వైపు, 83 అంటే వార్ (Var) జిల్లా, 13 అంటే మార్సే వైపు. ఈ మూడింటికీ సముద్రతీరం ఉంది. 04, 84 లతో మొదలైతే ఆ జిల్లా మొత్తానికి తీరమే లేదు. వలాన్‌సోల్, రియెజ్, మూస్తియే 04లో, గోర్డ్, రూసియోఁ, సో 84లో వస్తాయి. మా రసీదు మీద 04 మొదటి రోజు నుంచీ ఉంది. కళ్ళముందే ఉంది. 83, 13 చూసి కూడా వెంటనే సంబరపడకండి, అవి పెద్దవి, 83లోనూ సముద్రానికి గంటన్నర దూరంలో ఊళ్ళున్నాయి. ఊరి పేరు అడిగి, మ్యాప్‌లో పెట్టి, తీరంలో ఒక ఊరికి, అంటే కసీకో అంతీబ్‌కో, కారులో ఎంతసేపు అని మీరే చూసుకోండి. "ఊరి పేరు డబ్బు కట్టాక చెప్తాను" అంటే ఆ బేరం అక్కడే వదిలేయండి.

సముద్రం ఎలాగైనా చూపించాలని బుధవారం కసీకి వెళ్ళాం. రెండు గంటలు. తొమ్మిదిన్నరకే పార్కింగ్‌లు నిండిపోయి ఊరి బయట ఎక్కడో ఆపి ఎండలో నడిచాం. అక్కడి సున్నపురాయి కొండల మధ్య సముద్రం పాయల్లా లోపలికి వస్తుంది, వాటిని కలాంక్‌లు అంటారు. 2012 నుంచి అది జాతీయ పార్కు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అగ్గి ప్రమాదాన్ని బట్టి ఏ రోజుకారోజు దారులు తెరుస్తారు, మూసేస్తారు. మేము వెళ్ళిన రోజు గాలి ఎక్కువ, మూసేశారు. సూజితోఁ కలాంక్‌కైతే వేసవి రద్దీ రోజుల్లో ముందే ఉచితంగా రిజర్వేషన్ చేసుకోవాలి, 2022లో పెట్టారీ పద్ధతి, రోజుకు 400 మందికే. అవేవీ కాక ఊరి బీచ్‌లోనే ఒక గంట కూర్చున్నాం. అత్తయ్య పాదాలు తడుపుకుని, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుక్కి అద్దుకుని, "ఆఁ, ఇదీ" అన్నారు.

ఇక డబ్బు దగ్గర మేము చేసిన తెలివితక్కువ పని. ఇల్లు పెద్ద బుకింగ్ సైట్‌లోనే దొరికింది, 1,900 యూరోలు. మాట్లాడుతుండగా ఓనరు, "సైట్ కమిషన్ ఎందుకు దండగ, నేరుగా బ్యాంకులో వేస్తే పది శాతం తగ్గిస్తాను" అన్నారు. మా ఆయన వద్దన్నారు. నేనే 190 యూరోలు మిగులుతాయి కదా అని పంతం పట్టాను. ఆ తర్వాత సైట్ వాళ్ళకు ఫిర్యాదు చేస్తే, మీ బుకింగ్ మా దగ్గర లేదు అన్నారు. బ్యాంకును అడిగితే, మీ అంతట మీరు పంపిన డబ్బు, మేమేం చెయ్యలేం అన్నారు. అదే కార్డుతో కట్టి ఉంటే కనీసం డిస్ప్యూట్ వేసేవాళ్ళం. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్నవి 14 రోజుల్లో వద్దనుకోవచ్చని విని ఒక ధైర్యం ఉండేది. ఫలానా తేదీలకని తీసుకున్న బసకు అది వర్తించదు.

కాగితం మీద అడ్వాన్సును ఏ పేరుతో రాశారో కూడా చూడండి. 'ఆర్' (arrhes) అని ఒకటి, 'అకోంత్' (acompte) అని ఒకటి ఉంటాయి. ఆర్ అయితే మనం మానుకుంటే అడ్వాన్సు పోతుంది, అంతటితో సరి, ఓనరు మానుకుంటే రెట్టింపు ఇవ్వాలి. అకోంత్ అంటే ఇద్దరూ కట్టుబడిపోయినట్టే, మనం మానుకున్నా మిగతా సొమ్ము అడగొచ్చు. ఇంకో సంగతి, అక్కడ ఇలా రోజుల లెక్కన, వారాల లెక్కన ఇల్లు అద్దెకిస్తే ధరతో, ఇంటి వివరాలతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని చట్టమే ఉంది. మాకు వచ్చింది పది లైన్ల మెసేజ్. ఒప్పందం అడగండి, అందులో "సముద్రానికి ఇన్ని కిలోమీటర్లు" అని, సముద్రం అన్న మాటతోనే రాయించుకోండి.

చిల్లర దెబ్బలు కూడా తగిలాయి. మంచాల మీద దుప్పట్లు లేవు. పల్లెల్లో అద్దెకిచ్చే ఇళ్ళలో అది మామూలేనట, మనమే తెచ్చుకోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. మంచానికి 15 యూరోలు. వెళ్ళేటప్పుడు ఇల్లు తుడవడం మన పని, లేకపోతే దానికి వేరే డబ్బు. తలకింతని రాత్రికింతని టూరిస్టు పన్ను వేరే. డిపాజిట్‌గా పెట్టిన 500 యూరోల్లో పొయ్యి మీద జిడ్డుందని 80 కోసుకున్నారు. పోపు వేశాక పొయ్యి తుడిచింది నేనే, కాబట్టి ఆ 80 గురించి నాకు ఇంకా కడుపుమంటే.

కారు అద్దె దగ్గర తప్పు మాదే. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు, అదీ డ్రైవరు పేరు మీద ఉన్నదే కావాలన్నారు. నడిపేది మా ఆయన, క్రెడిట్ కార్డు నాది, ఆయన దగ్గరున్నది డెబిట్ కార్డు. గంట వాదించి చివరికి ఖరీదైన ఇన్సూరెన్స్ కొన్నాక తాళాలిచ్చారు. ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగాలి, లేదంటే గేర్ల బండే ఇస్తారు.

వీసా గురించి ఒక్క మాట. షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) దరఖాస్తుకు బస ఎక్కడో చూపించాలి, ఆ వంకతో ఓనర్లు "మొత్తం కట్టండి, లెటర్ ఇస్తాను" అంటారు. మాకూ అదే అన్నారు, అప్పటికింకా వీసా రాలేదు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పట్టొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి తొందరపడాల్సిన పని లేదు. రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చే హోటల్ బుకింగ్‌తో దరఖాస్తు చేసి, వీసా చేతికొచ్చాక ఇంటికి డబ్బు కట్టండి. అప్పటిదాకా మా ఇంట్లో పడ్డ టెన్షన్ మీకొద్దు.

సముద్రం, పల్లె రెండూ కావాలంటే బసను రెండుగా విడగొట్టండి. ఒకే ఇంట్లో రెండూ కుదిరించాలని చూస్తేనే ఈ పాట్లన్నీ. నీస్‌లోనో అంతీబ్‌లోనో నాలుగు రాత్రులుంటే కారే అక్కర్లేదు. తీరం వెంబడి లోకల్ రైలు మొనాకో మీదుగా మెంటన్ దాటి ఇటలీ సరిహద్దు దాకా వెళ్తుంది. నీస్ బీచ్‌లో మాత్రం ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళే, పిల్లలుంటే అంతీబ్ నయం. తర్వాత కారు తీసుకుని లోపలికి వెళ్ళి మూడు నాలుగు రోజులుండండి. వలాన్‌సోల్ వైపు రైలు లేదు, కారు తప్పదు. లావెండర్ ముఖ్యమైతే జూన్ చివర గానీ జూలై మొదట్లో గానీ వెళ్ళండి, సముద్రస్నానాలే ముఖ్యమైతే సెప్టెంబరు అయినా పర్వాలేదు, జనం తగ్గుతారు, నీళ్ళింకా వెచ్చగానే ఉంటాయి.

ఆ ప్రకటన నిన్న కూడా చూశాను. రెండో ఫొటో అదే, కింద లైనూ అదే, ధర మాత్రం 2,050 అయింది. కింద రివ్యూ రాద్దామంటే కుదరదు. మేము ఆ ఇంట్లో ఉన్నట్టు సైట్ లెక్కల్లో లేదు.