వెరోనా వెళ్తే శాన్ జెనో నుంచి మొదలుపెట్టండి

వెరోనాలో దిగినవాళ్లలో చాలామంది నేరుగా రోమియో జూలియట్ల కథలోని జూలియట్ ఇంటికే పోతారు. ఆ బాల్కనీ 20వ శతాబ్దంలో అమర్చింది, పైగా ఆ వాకిట్లో కాలు పెట్టడానికి చోటుండదు. చేతిలో ఒక్క రోజే ఉంటే దాన్ని వదిలేసి, అరీనా అనే పాత రోమన్ రంగస్థలం దగ్గర నుంచి పడమటి వైపు ఇరవై నిమిషాలు నడిచి శాన్ జెనో చర్చికి వెళ్లండి. ఉత్తర ఇటలీలో రోమనెస్క్ కట్టడాల మీద ఇష్టం ఉన్నవాళ్లు మొదట చూడాల్సిన వాటిలో అదొకటి అని నా గట్టి నమ్మకం.

రోమనెస్క్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట: సుమారు 11, 12 శతాబ్దాల పద్ధతి, మందపాటి గోడలు, అర్ధచంద్రాకారపు కమానులు, చిన్న కిటికీలు. వెరోనాకి 1117లో పెద్ద భూకంపం వచ్చి ఊరంతా దెబ్బతింది, ఇప్పుడు మనం చూసే పాత చర్చిల్లో చాలా భాగం ఆ తర్వాత తిరిగి కట్టుకున్నదే. ఇక్కడి ప్రత్యేకత గోడల మీది అడ్డ చారలు. మన గుళ్ల ప్రహరీలకు సున్నం, కావి పట్టీలు వేస్తారే, దూరం నుంచి అలాగే కనిపిస్తాయి, కాకపోతే ఇక్కడ అది రంగు కాదు, ఒక వరస ఎర్ర ఇటుక, ఒక వరస టుఫా అనే లేత రంగు రాయి.

శాన్ జెనో ముందు ఖాళీ స్థలం పెద్దది, అందుకని చర్చి మొత్తం ఒక్క చూపులో అందుతుంది. పక్కన 72 మీటర్ల గంట గోపురం, ముఖద్వారం పైన బ్రియొలోతో అనే శిల్పి చెక్కిన గుండ్రటి కిటికీ. అది అదృష్ట చక్రం, అంచు చుట్టూ ఒకడు పైకెక్కుతూ ఒకడు కిందపడుతూ మనుషులు ఉంటారు. ద్వారానికి అటూ ఇటూ రాతి ఫలకాలు, కుడివైపువి నికొలో అనే శిల్పి చెక్కినవి, ఆదాము అవ్వల కథ అంతా ఉంది, వాటి కింద థియొడరిక్ రాజు వేటాడుతూ గుర్రం మీద నరకంలోకి దూసుకుపోతుంటాడు. అన్నిటికన్నా నన్ను కట్టిపడేసినవి కంచు తలుపులు. మొత్తం 48 పలకలు, అన్నీ ఒకే కాలంవి కావు, పాతవాటిలో మనుషుల తలలు పలక లోంచి ముందుకు పొడుచుకొచ్చినట్టుంటాయి, చేయి తిరిగిన పనితనం అనలేం గానీ ఆ జీవం చూడండి, ఒక్కో పలక ముందు ఆగకుండా కదల్లేం. లోపలి వైపు నుంచే వీటిని దగ్గరగా చూడొచ్చు, హడావిడి పడకండి.

లోపల బలిపీఠం మీద మాంతెన్యా అనే చిత్రకారుడి చిత్రం ఉంది, 1450ల చివర్లో వేసింది. నెపోలియన్ సైన్యం దీన్ని 1797లో ఫ్రాన్స్‌కి పట్టుకుపోయింది, పై భాగం తిరిగొచ్చింది, కింది మూడు చిన్న చిత్రాలు అక్కడే ఉండిపోయాయి. ఆ మూడింటి చోట ఇక్కడున్నవి నకళ్లు. తర్వాత మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లండి, ఈ చర్చికి పేరిచ్చిన పునీత జెనో (శాన్ అంటే పునీతుడు) భౌతికకాయం అక్కడే ఉంది. స్తంభాల తలల మీద చెక్కడం ఒకదానిలా ఇంకొకటి ఉండదు. జెనో 4వ శతాబ్దపు బిషప్పు, ఆఫ్రికా నుంచి వచ్చాడని చెబుతారు, పైన చర్చిలో నవ్వుతున్న ఆయన విగ్రహం ఉంది, చేతికర్రకి చేప వేలాడుతూ ఉంటుంది. ఊరివాళ్లకి ఆ నవ్వంటే ఎంత ప్రేమో అక్కడ కాసేపు నిలబడితే తెలుస్తుంది.

నా దృష్టిలో రెండోది శాన్ ఫెర్మో. ఒకదాని మీద ఒకటి రెండు చర్చిలు. కిందది బెనెడిక్టిన్ సన్యాసులు 1065లో మొదలుపెట్టింది, పైది తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోతిక్ పద్ధతిలో (రోమనెస్క్ తర్వాత వచ్చిన, కొనదేలిన కమానుల పద్ధతి) కట్టుకున్నది. పైన చెక్క కప్పు పడవని బోర్లించిన ఆకారంలో ఉంటుంది, దాని మీద నాలుగు వందలకు పైగా పునీతుల బొమ్మలు, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. పిసనెల్లో వేసిన కుడ్యచిత్రం కూడా అక్కడే. కానీ నాకు కింది చర్చే ఎక్కువ నచ్చింది, మసక వెలుతురు, బరువైన స్తంభాలు, వాటి మీద వెలిసిపోయిన పాత బొమ్మలు, జనం దాదాపు ఉండరు. అదిజె నది వరదలకి తడవకుండా పునీతుల అవశేషాలను 18వ శతాబ్దంలో పైకి మార్చారు.

కథీడ్రల్‌లో, అంటే ఊరి ప్రధాన చర్చిలో, తిషియన్ అనే చిత్రకారుడి చిత్రం కోసం వెళ్తారు అందరూ, నేనైతే దాన్ని ఆనుకుని ఉన్న శాన్ జొవాన్ని ఇన్ ఫోంతె అనే జ్ఞానస్నానపు చర్చి కోసమే వెళ్లమంటాను. ఒకే పాలరాతిలో తొలిచిన ఎనిమిది పలకల జ్ఞానస్నానపు తొట్టి, చుట్టూ క్రీస్తు జీవితం. సాంత్ అనస్తాసియా చర్చి గోతిక్, బాగుంటుంది, టైం ఉంటే చూడండి. కోర్సో కవూర్‌లోని శాన్ లొరెంజో మాత్రం వదలొద్దు, చిన్నది, ముందు రెండు గుండ్రటి బురుజులు, లోపల పైఅంతస్తులో స్త్రీల కోసం కట్టిన వసారాలు.

శాన్ జెనో, శాన్ ఫెర్మో, కథీడ్రల్, సాంత్ అనస్తాసియా నాలుగింటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది, మొదట వెళ్లిన చోటే తీసుకోండి. అరీనా, లాంబెర్తి గోపురం, కాస్తెల్‌వెక్యో కోట మ్యూజియం కూడా చూసేవాళ్లకి వెరోనా కార్డ్ లాభం, 24 గంటలది, 48 గంటలది ఉన్నాయి, సిటీ బస్సులు కూడా అందులోనే. లాంబెర్తి 1172లో మొదలై 84 మీటర్లకి చేరింది, లిఫ్ట్ ఉంది, ఊరంతా కనిపిస్తుంది. ఆదివారం ఉదయం చర్చిల్లో పూజలు జరుగుతాయి, ఆ రోజు మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి.

నేను శాన్ జెనో పేటలోనే గది తీసుకున్నాను, అరీనా చుట్టుపక్కల కన్నా చవక, రాత్రి ప్రశాంతంగా ఉంటుంది. గది శుభ్రంగా ఉంది గానీ బుకింగ్‌లో లిఫ్ట్ ఉందని రాసి, తీరా వెళ్తే మూడో అంతస్తుకి సూట్‌కేసు మోసుకెళ్లాల్సి వచ్చింది, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి అడగండి. వేసవిలో అరీనాలో ఒపేరాలు జరిగే నెలల్లో గదుల రేట్లు బాగా పెరుగుతాయి.

తిండి విషయం: మెనూలో పాస్తిస్సాదా దె కవాల్ అని కనిపిస్తే అది గుర్రం మాంసం. శాకాహారులకి గుమ్మడికాయ ముద్ద పెట్టిన తోర్తెల్లి పాస్తా బాగుంటుంది. రిసోత్తో అనే అన్నం వంటకం ఆర్డర్ చెప్పేముందు మాంసం ఉడికించిన నీళ్లతో చేశారా అని అడగండి, చాలాచోట్ల అలాగే చేస్తారు.

మిలాన్, వెనిస్ మధ్య రైలు లైన్లోనే ఉంది కాబట్టి రెండు వైపుల నుంచీ సులువు, పోర్తా నువోవా స్టేషన్ నుంచి అరీనాకి నడిచే పోవచ్చు. కారుతో వచ్చేవాళ్లు పాత ఊరి లోపలికి తేవద్దు, అనుమతి లేని బండ్లను కెమెరాలు పట్టేస్తాయి, జరిమానా తర్వాత ఇంటికొస్తుంది.