సౌండ్ బాక్సుల మీద విన్న జపాన్ ఆడపిల్లల బ్యాండ్లు

ముందే చెప్పేస్తున్నా, నాకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. పదిహేడేళ్ళు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించాను. ఇప్పుడు కంచరపాలెంలో సౌండ్ సిస్టం అద్దెకిస్తున్నాను. అందుకని ఈ రివ్యూలో సాహిత్యం తక్కువ, డ్రమ్స్ ఎక్కువ.

ఇదంతా మా చెల్లి కూతురి పుణ్యం. ఇంటర్ చదువుతోంది. గోడౌన్‌లో బాక్సులు చెక్ చేస్తుంటే వచ్చి, "మావయ్యా, ఎప్పుడూ ఆ పాత పాటలేనా, ఇది పెట్టు ఓసారి" అని తన ఫోన్‌కి జాక్ గుచ్చింది. ఫోన్‌లో చూస్తే నలుపు తెలుపు గౌన్లు, వాటి మీద ఏప్రన్లు కట్టుకున్న ఐదుగురు అమ్మాయిలు. స్కూల్ యానివర్సరీలో ఫ్యాన్సీ డ్రెస్ అనుకున్నా. పాట మొదలైన పావు నిమిషానికి లేచి వెళ్ళి మిక్సర్‌లో బేస్ తగ్గించాల్సి వచ్చింది. నావి బేస్ మోత కోసం పెట్టే పెద్ద బాక్సులు, 18 అంగుళాల సబ్‌లు. ఊరేగింపుల్లో అరిగిపోయినవే గానీ, రేకుల షెడ్డు మొత్తం దడదడలాడింది.

ఆ బ్యాండ్ పేరు బ్యాండ్-మెయిడ్. 2013లో టోక్యోలో మొదలైంది. అందులో మికు కొబాతో అనే అమ్మాయి అంతకుముందు మెయిడ్ కఫేలో పనిచేసేది. పనిమనిషి యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు వచ్చినవాళ్ళని 'అయ్యగారూ' అని పిలుస్తూ కాఫీ, టిఫిన్ అందిస్తారు, అలాంటి హోటళ్ళు అక్కడ ఉన్నాయి. అదే యూనిఫాంలో గట్టి రాక్ వాయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆ అమ్మాయిదే. వీళ్ళు తమ ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామ్ అనరు, 'ఓక్యూజీ' అంటారు. మన మాటలో వడ్డన. వడ్డిస్తామని చెప్పి వీళ్ళు చేసేది మాత్రం చెవులు దిమ్మెక్కించడం.

అకనే అనే అమ్మాయి డ్రమ్స్. నేను వాయించినవాణ్ణి కాబట్టి కాళ్ళే చూస్తాను. పెద్ద డ్రమ్ముని కాళ్ళతో కొట్టే డబుల్ పెడల్ మీద రెండు కాళ్ళూ గబగబా పడుతుంటే పైన చేతులు ఏ కంగారూ లేకుండా వేరే పని చేసుకుంటున్నాయి. మొహం మీద నవ్వు చెరగదు. నేను 'తీన్‌మార్' గంటసేపు కొడితే భుజం పట్టేసి మర్నాడు కాఫీ గ్లాసు ఎత్తలేకపోయేవాణ్ణి. మిసా బేస్ గిటార్, కనమి లీడ్ గిటార్, సైకి ముఖ్య గాయని. మికు బ్యాండ్ పెట్టాకే గిటార్ నేర్చుకుందట. 2014 నాటి 'థ్రిల్' వీడియోతో విదేశాల్లో పేరొచ్చింది. 2023లో అమెరికాలోని చికాగోలో లొల్లాపలూజా అనే పెద్ద సంగీత ఉత్సవంలో వాయించారు. కొత్తగా వినేవాళ్ళు 2018 నాటి 'వరల్డ్ డామినేషన్' ఆల్బంతో మొదలుపెట్టండి. 2019 నాటి 'కాంకరర్' కూడా బాగుంటుంది, కాకపోతే పొడుగెక్కువ. మధ్యలో వచ్చే నెమ్మది పాటలు నాకు రుచించలేదు, టీ తాగడానికి లేచాను.

సీడీ కూడా తెప్పించాను, మోజు కొద్దీ. ఆన్‌లైన్‌లో ఒకచోట అన్నీ కలిపి 2,800 పడింది. వచ్చేసరికి డబ్బా మూలన పగిలి ఉంది. ఫోన్ చేస్తే 'డిస్క్ బాగానే ఉంది కదా సార్' అన్నారు. బాగానే ఉందనుకోండి, అయినా పగిలిన డబ్బాకి 2,800 ఎవరిస్తారు? మీరు మాత్రం యూట్యూబ్‌లో వినండి చాలు.

మా ఆర్కెస్ట్రాలో యమహా కీబోర్డు, రోలాండ్ ఆక్టోప్యాడ్ ఉండేవి. రెండూ జపాన్ కంపెనీలే. రోలాండ్ 1972లో ఒసాకాలో పుట్టిందని ఈ మధ్యే తెలిసింది. వాళ్ళ ప్యాడ్ మీద పదిహేడేళ్ళు కొట్టి, వాళ్ళ ఊరి పాట ఒక్కటీ వినలేదు నేను. ఇంకోటి, గాజువాక నుంచి భీమిలి దాకా ఎన్ని ప్రోగ్రాములు చేశామో లెక్కలేదు, ఒక్కదాంట్లోనూ ఆడపిల్ల ప్యాడ్స్ ముందు కూర్చోలేదు. 'ఫిమేల్ సింగర్' అని ఒకరు వచ్చేవారు. పాటల డైరీ ఒళ్ళో పెట్టుకుని తన వంతు వచ్చేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఆ చేతికి కర్రలు ఇద్దామని మాకెవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇక ఒతొబొకె బీవర్. ఇది క్యోటో బ్యాండ్. 2009లో రిత్సుమేకాన్ యూనివర్సిటీ మ్యూజిక్ క్లబ్‌లో కలిశారు. 2022లో వచ్చిన 'సూపర్ చంపొన్'లో పద్దెనిమిది పాటలు. అన్నీ కలిపి ఇరవై నిమిషాల చిల్లర. మనవాళ్ళు 'హలో హలో మైక్ చెక్' అనడానికే అంతసేపు తీసుకుంటారు! పాట పరుగెడుతూ పరుగెడుతూ ఠక్కున ఆగిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు జాక్ లూజైందనుకుని వంగి కేబుల్ కదిపాను. విశాఖలో ఉప్పు గాలికి జాక్‌లు తుప్పు పట్టడం మాకు రోజూ ఉండే గొడవే. చెయ్యి ఇంకా కేబుల్ మీదే ఉంది, నలుగురూ ఒకేసారి అరుస్తూ మళ్ళీ అందుకున్నారు. వెనక్కి పడ్డంత పనైంది. ఆ ఆగడం కూడా పాటలో భాగమే. నలుగురూ ఒకే క్షణంలో ఆగి, ఒకే క్షణంలో లేవాలంటే ఎంత రిహార్సల్ కావాలో వాయించినవాళ్ళకే తెలుస్తుంది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి బాబూ, ఎవర్నైనా కొట్టేస్తన్నారేటి?" అని అడిగింది.

అందులో 'నేను సలాడ్ వడ్డించను' అనే పాట ఒకటుంది. జపాన్‌లో ఆఫీసువాళ్ళు పార్టీకి కూర్చుంటే, సలాడ్ అందరి ప్లేట్లలోకి సర్దే పని అక్కడున్న ఆడవాళ్ళదే అనుకుంటారట. ఆ అరుపులన్నీ దాని మీదే. మా మేనకోడలు అర్థం చెప్పగానే మా చెల్లి నవ్వేసింది. మా ఇంట్లో ఫంక్షన్ అయితే ఆఖరి బంతిలో తినేది తనే మరి. ఒక బ్యాండ్ వడ్డన అని పేరు పెట్టుకుని వాయిస్తుంటే, ఇంకో బ్యాండ్ వడ్డించను పొమ్మంటోంది. నాకు రెండూ నచ్చాయి. ఒకటే తేల్చమంటే మాత్రం ఒతొబొకె బీవరే.

మిగతావి గబగబా చెప్పేస్తా. షోనెన్ నైఫ్ 1981లో ఒసాకాలో మొదలైంది. తిండి మీద, జంతువుల మీద సరదా పాటలు. 1991లో అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణాతో కలిసి బ్రిటన్ టూర్ చేశారు. వాయింపు సాదాసీదా, అదే దాని అందం. స్కాండల్‌దీ ఒసాకాయే, 2006. పాట, డ్యాన్స్ నేర్పే స్కూల్లో కలిసిన నలుగురు వాయిద్యాలు తర్వాత పట్టుకుని, ఒసాకా కోట పార్కులో వీధి ప్రోగ్రాములతో పైకొచ్చారు. మెలోడీ కావాలంటే వీళ్ళు. ప్రిన్సెస్ ప్రిన్సెస్ పాతకాలపు పాప్. 1989లో టోక్యోలోని బుడోకాన్ హాల్లో సొంత ప్రోగ్రామ్ చేసిన మొదటి ఆడవాళ్ళ బ్యాండ్ అదే. 2011 భూకంపం తర్వాత బాధితుల కోసం మళ్ళీ కలిశారు. లవ్‌బైట్స్ పక్కా హెవీ మెటల్, తలనొప్పి ఉన్న రోజు పెట్టకండి.

జపాన్‌దే ఇంకో ఆడపిల్లల జట్టు, బేబీమెటల్ పేరు ఎందుకు లేదని అడుగుతారు. వాళ్ళు పాడతారు, ఆడతారు. వెనక వాయించేది మగవాళ్ళు. బాగుంటుంది, కాదనను. నేను మాత్రం కర్రలు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తున్నా.

ఇప్పుడు మా గోడౌన్‌లో చెకింగ్ పాట 'డామినేషన్'. పాత ఆక్టోప్యాడ్ కూడా గుడ్డ దులిపి బయటికి తీశాను. నాలుగో ప్యాడ్ పలకట్లేదు. మేనకోడలు దాన్ని వదిలేసి మిగతా ఏడింటి మీదే ఆ సలాడ్ పాట అందుకోవాలని చూస్తోంది. ఆగాల్సిన చోట ఆగట్లేదు, కొడుతూనే పోతోంది. ఈ ఆదివారం నాలుగోది విప్పి చూడాలి.