పేరు మారిస్తే చాలా, రూలూ మార్చాలా?

నెలల తరబడి ఒకే కథగా సాగిన మా మొదటి ఆట, అంటే క్యాంపెయిన్, ఆఖరి రోజున బెడిసికొట్టింది. దానికి కారణం ఒక చిలుక.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలో పాత్రగా పాచికలేసి ఆడే ఆట. దాన్ని మన జానపద కథల లోకంలో ఆడిద్దామని మొదలుపెట్టాను. అందులో లిచ్ అని చచ్చీ చావని మాంత్రికుడు ఒకడున్నాడు. ప్రాణాన్ని ఒక పెట్టెలో దాచుకుంటాడు. మన కథల్లో మాంత్రికుడు ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలుకలో దాచుకుంటాడు. ఇంతకంటే అతికే జోడీ ఎక్కడ దొరుకుతుంది? పెట్టె కొట్టేసి చిలుక అని రాసుకుని, మిగతాదంతా 2014 రూల్స్ పుస్తకంలో ఉన్నట్టే ఉంచాను. మావాళ్లు చిలుకను పట్టుకొచ్చి మాంత్రికుడి కళ్ల ముందే మెడ విరిచేశారు. రూలు ప్రకారం అతనికి ఏమీ కాదు. పెట్టె పోతే లిచ్ చచ్చాక మళ్లీ కొత్త ఒంటితో లేవడు, అంతే. అతని 135 హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే ఓపిక లెక్క, అతనికి ఉంటాయి.

"బావా, చిలుక చచ్చింది కదా, వీడింకా నిలబడ్డాడేంటి?" అన్నాడు మావాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆటను మన లోకానికి తెచ్చుకోవాలంటే దారులు మూడు. పేర్లు మాత్రం మార్చడం, పేరుతో పాటు ఒకటో రెండో రూల్స్ మార్చడం, క్లాసునే, అంటే పాత్ర ఏ పనివాడో చెప్పే రూల్స్‌నే, మొదటినుంచీ సొంతంగా రాసుకోవడం. నేను మూడూ చేసి చూశాను.

పేరు మార్పును చాలామంది చులకనగా చూస్తారు గానీ, పనిలో ముప్పాతిక భాగం దానితోనే అయిపోతుంది. విజార్డ్ చేతిలోని మంత్రాల పుస్తకం తాళపత్రాల కట్ట అవుతుంది. ఫైర్‌బాల్‌ని ఆగ్నేయాస్త్రం అంటే చాలు, ఎనిమిది పాచికల దెబ్బలో మార్పేమీ అక్కర్లేదు. వార్లాక్ అంటే ఎవరితోనో ఒప్పందం కుదుర్చుకుని శక్తులు తెచ్చుకునేవాడు. ఆ ఎవరో భేతాళుడైతే మనవాళ్లకు వివరించే పనే లేదు. బార్డ్‌ని మా బల్ల మీద ఒగ్గు కథకుడిని చేశాను. అతను పాట ఎత్తుకుంటే తోటివాడికి ఆరు ముఖాల పాచిక ఒకటి అదనంగా దొరుకుతుంది. డోలు మోతకు ఒళ్లు పొంగిందని ఆ ఆటగాడే చెప్పుకున్నాడు, నేను రూలు చదివి వినిపించాల్సిన అవసరం రాలేదు.

మరి చిలుక దగ్గర ఎందుకు తేడా కొట్టింది? ఆగ్నేయాస్త్రం అంటే అందరూ నిప్పునే ఊహిస్తారు, రూలూ నిప్పునే ఇస్తుంది. చిలుక అనగానే మాత్రం కథ ఎలా ముగియాలో చిన్నప్పటినుంచీ అందరికీ తెలుసు. కాలు విరిస్తే కాలు, రెక్క విరిస్తే చెయ్యి. పేరు ఒక మాట ఇచ్చి రూలు దాన్ని తప్పితే, ఆటగాడికి మోసపోయినట్టు ఉంటుంది. అమెరికావాళ్లు మన పేరు తీసుకున్నప్పుడు జరిగిందీ ఇదే. ఈ ఆటలో 'రాక్షస' అని ఒక శత్రువు ఉంది: పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు. మా బల్ల మీద అది కనిపించగానే అందరూ నవ్వారు. ఇతను ఏ ఊరి రాక్షసుడండీ అని.

ఇక సొంత క్లాసు. నాటువైద్యుడు అని ఒకటి రాశాను. వారాలు కూర్చుని, 20 లెవెల్స్, అంటే పాత్ర ఎదిగే మెట్లన్నీ. పసరు పూస్తే ఎనిమిది ముఖాల పాచికంత నయం. ఎన్నిసార్లయినా పూయొచ్చు, ఎందుకంటే పసరు అడవిలో ఊరికే దొరుకుతుంది కదా! దేవుడి వరంతో నయం చేసే క్లెరిక్‌కు మొదటి లెవెల్‌లో రోజుకు రెండే స్పెల్ స్లాట్లు, అంటే మంత్రం వేసే అవకాశాలు, ఎందుకుంటాయో రెండో పోరాటంలోనే తెలిసొచ్చింది. ఎవరికీ దెబ్బంటే భయం లేదు, టెన్షన్ లేదు, ఫోన్లు బయటికొచ్చాయి. చివరికి ఆ కాగితాలు పక్కన పడేసి అతన్ని డ్రూయిడ్‌గా, అంటే ప్రకృతి శక్తితో మంత్రాలు వేసేవాడిగా మార్చాం. గుడ్‌బెర్రీ అని ఒక చిన్న మంత్రం ఉంది, పది పళ్లు ఇస్తుంది. ఒక్కోటి ఒక్క హిట్ పాయింట్, తిన్నవాడికి ఆ పూటకు కాదు, రోజంతటికీ ఆకలి తీరుతుంది. దానికి మూలికల ఉండలని పేరు పెట్టాం. నా 20 లెవెల్స్ కంటే అవే వైద్యుడిలా అనిపించాయి. తప్పదు, కొత్తగా ఏదో రాయాల్సిందే అనుకుంటే సబ్‌క్లాస్, అంటే ఉన్న క్లాసుకే ఒక శాఖ, రాయండి. దొంగచాటు పనుల్లో ఆరితేరిన రోగ్‌కయితే 3, 9, 13, 17 లెవెల్స్, నాలుగే చోట్ల ఆలోచిస్తే సరిపోతుంది.

మధ్య దారికి మంచి ఉదాహరణ ఇదే ఆటకు 1991లో వచ్చిన డార్క్ సన్ లోకం. అదొక ఎడారి, అక్కడ దేవుళ్లు లేరు. అయినా క్లెరిక్ క్లాసును తీసేయలేదు, వరాలిచ్చే పనిని నిప్పుకూ నీటికీ గాలికీ మట్టికీ అప్పగించారు. విజార్డ్ జాగ్రత్త లేకుండా మంత్రం వేస్తే చుట్టూ పచ్చదనం మాడిపోతుంది. ఇనుము దొరకడం అరుదు కాబట్టి కత్తులు ఎముకతోనో రాతితోనో. వేరే చోట భోజనప్రియులైన పొట్టి హాఫ్లింగ్‌లు ఇక్కడ నరమాంస భక్షకులు. మార్చినవి తక్కువే, కానీ లోకం మొత్తం వేరే వాసన కొడుతుంది.

అసలు చిక్కు రేస్ దగ్గర, అంటే పాత్ర ఏ పుట్టుకదో రాసుకునే చోట. క్లాసును తెలుగులో వృత్తి అని, రేస్‌ను జాతి అని రాసి చూడండి. ఆ రెండు గడులూ పక్కపక్కన ఉన్న కాగితం మనవాళ్ల చేతిలో పెడితే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? ఆట చరిత్రలోనూ ఈ ముడి ఉంది. పెట్టెలో పెట్టి అమ్మిన 1981 బేసిక్ రూల్స్‌లో ఎల్ఫ్ అనే మాయాజాతికి జాతీ వృత్తీ ఒకటే, పుట్టుకే పని. 2014 పుస్తకంలో ఏ వృత్తయినా తీసుకోవచ్చు, కానీ హాఫ్-ఆర్క్‌గా, అంటే సగం మనిషి సగం ఆర్క్ అనే మొరటు జీవిగా పుడితే బలానికి రెండు పాయింట్లు ఎక్కువ. 2024 పుస్తకం ఆ పాయింట్లను బ్యాక్‌గ్రౌండ్‌కు, అంటే పెరిగిన తీరుకు మార్చేసింది, రేస్ అనే మాటనూ వదిలేసి స్పీషీస్ అంది. అక్కడి ఆటగాళ్లలో దీనిమీద పెద్ద వాదనే నడిచింది. మన బల్లకు మాత్రం వాదన అక్కర్లేదు, 2024 పద్ధతే మేలు. ఊళ్లో ఉన్న మనుషుల్ని జాతులుగా విడగొట్టి ఒకరికి తెలివి, ఇంకొకరికి బలం పంచే పని నేను చేయను. జాతులంటే నాగులు, యక్షులు, గంధర్వులు. చీకట్లో కనిపించడం, విషం ఎక్కకపోవడం లాంటి ఒంటి లక్షణాలు మాత్రమే పుట్టుకతో వస్తాయి.

గంధర్వుడంటే ఎగరాలి కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. మొదటి లెవెల్ నుంచే ఎగరనిస్తే కోటగోడలకూ లోయలకూ అర్థం ఉండదు. 2024 పుస్తకంలో దైవాంశ ఉన్న ఆసిమార్ అనే జాతికి మూడో లెవెల్ నుంచి నిమిషం పాటు రెక్కలు తెచ్చుకునే వీలుంది, మళ్లీ కావాలంటే రాత్రి విశ్రాంతి తీసుకోవాలి. దానికే గంధర్వుడని పేరు పెట్టాను. పేచీ రాలేదు.

హక్కుల భయం ఉన్నవాళ్లకు ఒక మాట: ఈ ఆట మూల రూల్స్‌లో పెద్ద భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద వదిలేశారు. ఎక్కడిదో పేర్కొంటే చాలు, తెలుగులోకి మార్చి అమ్ముకోవచ్చు కూడా.

ప్రస్తుతం రెండో క్యాంపెయిన్ నడుస్తోంది. నా సొంత రూల్స్ అన్నీ ఒకే కాగితం మీద పట్టాయి. మొదటి లైను చిలుకది: కాలు విరిస్తే మాంత్రికుడి నడక వేగం సగం, రెక్క విరిస్తే చేతి మంత్రాలు బంద్, మెడ విరిస్తే హిట్ పాయింట్లు ఎన్నున్నా సున్నా. ఈసారి చిలుకను ఎక్కడ దాచానో మావాళ్లకు ఇంకా తెలియదు.