ఏరు పారే రోజులు చూసుకుని

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు సెలవులంటే చుట్టాలు రావడమే. దర్శనం టికెట్లు, కొండమీద రూములు, స్టేషన్‌లో దింపి రావడాలు. ఈసారి మేమే ఇంటికి తాళం వేసి మూడు రోజులు పడమటి దిక్కుకు పోయాం. తలకోన జలపాతం, హార్సిలీ హిల్స్, కైగల్ జలపాతం. ఒకప్పుడు మూడూ చిత్తూరు జిల్లావే. 2022లో విడగొట్టాక తలా ఒక జిల్లా పాలయ్యాయి.

మా వైపు ట్రిప్‌కు రూము కంటే ముందు చూసుకోవాల్సింది వాన. స్వర్ణముఖి నదిలోనే ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసక కనబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే మా ఏర్లకు ప్రాణం. ఒకసారి మే నెలలో తలకోనకు పోయి, 270 అడుగుల బండ మీద దారప్పోగులా జారుతున్న నీళ్ళు చూసి ఉసూరుమంటూ తిరిగొచ్చాం. చెనక్కాయలమ్మే ముసలామె అప్పుడే చెప్పింది: "ఎండల్లో వస్తే బండ కాక ఏముంటుంది నాయనా? కార్తీకంలో రాండి."

ఆమె మాట విని కార్తీకంలోనే పోయాం, కానీ బుధవారం. ఆ నెలలో ఆదివారాలు వనభోజనాలు, సోమవారాలు సిద్ధేశ్వరస్వామి గుడి రద్దీ. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా అరవై కిలోమీటర్లు ఉంటుంది. నీళ్ళు ఈసారి పొగలా లేచి మొహాన కొట్టాయి. మోకాళ్ళ నొప్పుల అత్తమ్మ మాత్రం పైదాకా రాలేక కిందే కూర్చుంది. ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లాన్ని ఒక కోతి లాక్కుపోయి, కాయ నొక్కి ఉప్పునీళ్ళు పీల్చి, గింజ తిని, తొక్క ఆమె ముందరే పడేసిందట. "నాకంటే నేర్పుగా వలుస్తా ఉండాది" అని సాయంత్రం దాకా అదే మాట. అక్కడే బస చేసే వీలుంది గానీ, పెద్దవాళ్ళతో అయితే పగలు చూసుకుని కదలడమే నయం.

పీలేరు, మదనపల్లె దాటాక హార్సిలీ హిల్స్. మదనపల్లె దగ్గర టమాటా లారీల వెనక చిక్కుకుంటే ఓపిక పట్టాల్సిందే. 4,100 అడుగుల పైన ఉన్న ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన హార్సిలీ 1870లో వేసవి ఇల్లు కట్టుకున్నాక పేరు మారింది. (మల్లమ్మ పేరే బాగుందని నా అభిప్రాయం.) సాయంత్రం గాలిబండ మీద నిలబడితే కండువా చేతిలో ఆగదు. కిందంతా గుట్టలు, మధ్య మధ్య మెరిసే చెరువులు.

మేం దిగిన చోటు మాత్రం ఫోన్లో చూసిన ఫొటోకు దూరపు చుట్టం. గీజర్ పని చేయదు, దుప్పటి పలచన. పొద్దున ఒక అబ్బాయి బకెట్టుతో వేడినీళ్ళు మోసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. పైకి ఎక్కకముందే ఫోన్ చేసి గీజర్ ఉందా, రాత్రి భోజనం ఎన్నింటిదాకా పెడతారు అని అడగండి. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు దిగుతాయి, రేట్లు పెరుగుతాయి.

మూడోరోజు పుంగనూరు మీదుగా పలమనేరు, అక్కణ్ణుంచి కుప్పం రోడ్డులో కైగల్. నలభై అడుగుల జలపాతమే, ఊళ్ళోవాళ్ళకు దుముకురాళ్ళు. మూడింటిలో నాకు నచ్చింది ఇదే. మేం పోయినరోజు మా నలుగురం తప్ప ఎవరూ లేరు. బట్టలు మార్చుకోవడానికి చాటు లేదు, తినడానికేమీ దొరకలేదు, రాళ్ళ మీద పాచి. సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి కట్టుకుపోయి గట్టున తిన్నాం. ఈ రోడ్డు కౌండిన్య అభయారణ్యం గుండా పోతుంది. "పొద్దు గూకకముందే కదలండి సామీ, ఏనుగులు రోడ్డెక్కుతాయి" అన్నాడు టీ కొట్టాయన. గంటసేపే నీళ్ళలో ఉండి, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరాం.

మళ్ళీ పోతే హార్సిలీలో ఒక రాత్రి తగ్గించి పలమనేరులో పడుకుంటాం. తెల్లారగానే కైగల్‌లో ఉండాలి.