సెలవులకొచ్చిన గుంటలకి మొదటి ఆనిమే: డోరేమానా, టోటోరోనా, పోన్యోనా, రామాయణమా?

ఆనిమే, అంటే జపాన్ కార్టూన్లు, అనగానే మా విజయనగరం పెద్దాళ్లకి గుర్తొచ్చేవి రెండే. టీవీలో తల్లికి ఎదురుచెప్పే షిన్‌చాన్ ఒకటి, ఇంటర్ కుర్రాళ్లు ఫోన్లో చూసే కత్తియుద్ధాలు ఇంకోటి. అందుకే అక్కాబావలు పిల్లల్ని వేసవికి మన దగ్గర దింపినప్పుడు, "జపాను బొమ్మలా? వద్దులే" అనేస్తారు. మెత్తటివి బోలెడున్నాయి. నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు మేనల్లుళ్లకీ మేనకోడళ్లకీ నేనైతే ఈ నాలుగింట్లోంచే ఎంచుతాను.

అందరికీ అందేది డోరేమాన్. ఫుజికో ఎఫ్ ఫుజియో 1969లో మొదలెట్టిన బొమ్మల కథ ఇది. 22వ శతాబ్దం నుంచి వచ్చిన మర పిల్లి, దాని పొట్ట జేబులోంచి వచ్చే వింత వస్తువులు, సున్నా మార్కుల నోబితా. టీవీలో తెలుగులోనే మాట్లాడతారు, కథ కూడా చిన్నది, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చిక్కూ అక్కడే ఉంది. ఎవరూ పక్కన కూర్చోరు. ఒకటి అయ్యేలోపు ఇంకోటి మొదలవుతుంది, అన్నం కంచం టీవీ ముందుకు చేరుతుంది. బలిసిన కుర్రాడు జియాన్ నోబితాని కొట్టడం, అమ్మ మార్కుల గురించి కేకలెయ్యడం పిల్లలకి బళ్లోనూ ఇంట్లోనూ ఉన్నవే. నేస్తం షిజుకా స్నానం చేస్తుంటే నోబితా ఊడిపడే పాత జోకు నాకసలు నచ్చదు. చెడ్డది కాదు గానీ, కొత్తగా పరిచయం చెయ్యడానికి అందులో ఏం మిగిలింది?

నా ఓటు 'మై నైబర్ టోటోరో'కి. జపాన్ దర్శకుడు హయావో మియాజాకి తీసిన ఈ సినిమా 1988లో వచ్చింది, నిడివి 86 నిమిషాలు. ఇందులో దుష్టుడనేవాడే లేడు. అమ్మ ఆసుపత్రిలో ఉంటే నాన్నతో కలిసి పల్లెటూరి ఇంటికి చేరిన అక్కాచెల్లెళ్లు సత్సుకి, మెయ్. ఇంటి పక్కన పెద్ద కర్పూరం చెట్టు, అందులో ఒక బొద్దు జీవి. వానలో బస్సు కోసం నిలబడ్డ అక్క, పక్కకొచ్చి నించున్న టోటోరోకి నాన్న గొడుగు ఇస్తుంది. గొడుగు మీద చినుకుల చప్పుడు దానికి తెగ నచ్చి, ఒక్క గెంతు గెంతి చెట్ల మీది నీళ్లన్నీ కిందకి రాలుస్తుంది. అక్కడ మాటలు దాదాపు ఉండవు, నాలుగేళ్ల పిల్లకీ అర్థమైపోతుంది.

భాష అడ్డమని చాలామంది దీన్ని పక్కన పెడతారు. నేను చూపించింది జపనీస్ గొంతులతోనే. కింద అక్షరాలు చదవలేని పిల్లకి కథ మనమే చెప్పాలి, అంటే మనం లేచి పోవడానికి లేదు. "అదేటి మావయ్యా, ఆ పిల్లి బస్సుకి డ్రైవరు లేడేటి?" లాంటి ప్రశ్నలు అప్పుడే వస్తాయి. డోరేమాన్ తెలుగులో ఉండటం కంటే ఇది తెలుగులో లేకపోవడమే నాకు లాభంగా తోస్తుంది. పైగా కథ మనవాళ్లకి పరాయిది కాదు. ఒక చోట నాన్న పిల్లలిద్దరినీ నిలబెట్టి ఆ చెట్టుకి వంగి దండం పెట్టిస్తాడు. పైడితల్లమ్మ పండక్కి, కలలో చెప్పిన చింతచెట్టుని వెతికి, పూజ చేసి సిరిమానుకి తెచ్చే ఊళ్లో దాన్ని ఏ మామ్మకీ వివరించనక్కర్లేదు. అమ్మకిద్దామని మెయ్ మొక్కజొన్న పొత్తు పట్టుకుని ఒక్కతే బయల్దేరడమూ అంతే.

రెండు జాగ్రత్తలు. మెయ్ తప్పిపోయినప్పుడు చెరువులో ఒక చెప్పు దొరుకుతుంది, చిన్నాళ్లు బిగుసుకుపోతారు. "దొరికేస్తాదిలే" అని ముందే చెప్పండి. ఇంట్లో నిజంగానే ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే ఇప్పుడు వద్దు, ఇంకెప్పుడైనా చూపొచ్చు. తండ్రీ కూతుళ్లు కలిసి వేడినీళ్ల తొట్టిలో స్నానం చేసే ముక్క ఉంది, అక్కడి ఇళ్లలో అది మామూలే. ఇక, టోటోరో నచ్చిందని అదే సంస్థ, స్టూడియో జిబ్లీ, తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' వెంటనే పెట్టెయ్యకండి. జపాన్‌లో ఆ రెండూ ఒకే టికెట్టు మీద విడుదలయ్యాయి గానీ, అది యుద్ధంలో తల్లి పోయిన పిల్లల కథ. పెద్దాళ్లకే తట్టుకోవడం కష్టం.

2008 నాటి 'పోన్యో' ఐదేళ్ల కుర్రాడిదీ, మనిషి కావాలనుకున్న చేపపిల్లదీ. అలలు చేపలై పరుగెత్తే తుపాను పిల్లలకి పండగే. కానీ 2018లో తిత్లీ తుపాను చూసిన పలాస, వజ్రపుకొత్తూరు ఇళ్లలో, రోడ్డు మీదకి సముద్రం తరుముకొచ్చే ఆ ఘట్టం పెద్దాళ్లకే గుండె దడ పుట్టిస్తుంది. అక్కడి పిల్లలకైతే టోటోరో తరవాతే. విజయనగరం టౌన్లో పెరిగి, చింతపల్లి బీచికి ఎప్పుడో ఒకసారి వెళ్లే గుంటలకి మొదటిదిగా పెట్టినా ఫర్వాలేదు. మామ్మ మాత్రం "అమ్మని పేరెట్టి పిలుస్తాడేట్రా ఆ గుంటడు?" అంటుంది, సిద్ధంగా ఉండండి. సినిమా అయ్యాక, అందులో చూసిన నూడుల్స్ అడుగుతారు, దానిక్కూడా.

నాలుగోది జపాన్ దర్శకుడు యూగో సాకో, మన దేశపు యానిమేషన్ దర్శకుడు రామ్ మోహన్ కలిసి తీసిన 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. 1990ల నాటిది, 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకి వచ్చింది. ఏడెనిమిదేళ్లు దాటి, మామ్మ దగ్గర కథ విన్న పిల్లలకి టోటోరో కంటే ఇదే ముందు. రామతీర్థం రాముడి గుడికి వెళ్లొచ్చిన వారంలో అయితే ఇంకా మంచిది. రెండుంపావు గంటలు కాబట్టి రెండు పూటలుగా చూపాలి. కుంభకర్ణుడూ యుద్ధమూ అయిదేళ్లలోపు వాళ్లకి వద్దు.

కాబట్టి ఏడెనిమిదేళ్లలోపు వాళ్లకి టోటోరో, ఆ పైవాళ్లకి మామ్మ తోడుంటే రామాయణం. పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేని రోజు డోరేమానే పెట్టుకోండి, అదీ రెండు కథలు చాలు. తరవాత ఏంటని అడిగే పెద్ద పిల్లలుంటే, పదమూడేళ్ల మంత్రగత్తె ఊరుగాని ఊళ్లో సొంతంగా బతికే 'కికీస్ డెలివరీ సర్వీస్' ఉంది. ఆస్కార్ తెచ్చుకున్న 'స్పిరిటెడ్ అవే'కి మాత్రం పదేళ్లు దాటనివ్వండి. మొదట్లోనే అమ్మానాన్నలు పందులైపోతారు.