తడి బూట్లతో సాగర్, సోమశిల

కృష్ణ ఒడ్డున బస చూసుకునేటప్పుడు ఇంట్లోవాళ్లు ఏసీ ఉందా, భోజనం బాగుంటుందా అని అడుగుతారు. నేను అడిగేది వరండా ఉందా, గాలి ఆడుతుందా అని. నీళ్లలో తిరిగే నియోప్రీన్ (రబ్బరు నురుగు) బూట్లు ఆరబెట్టుకోవాల్సినవాళ్లకు అదే ముఖ్యం.

చూడ్డానికైతే నాగార్జునసాగరే మేలు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్, లాంచీ ప్రయాణం, నాగార్జునకొండ మ్యూజియం. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే అక్కడికే వెళ్లండి. మేం దిగిన లాడ్జి మాత్రం నచ్చలేదు. గదికి వరండా లేదు, బాత్రూమ్‌కి కిటికీ లేదు. పనిచేసే అబ్బాయి బూట్లు త్వరగా ఆరతాయని డాబా మీద ఎండలో పెట్టాడు. అతనిది మంచి మనసే. సాయంత్రం చూస్తే ఎడమ బూటుకి జిగురు వదిలి, సోల్ దగ్గర వేలు దూరేంత సందు! మేనేజర్ కనీసం అయ్యో అనలేదు, అదే బాధ.

నియోప్రీన్ అంటే సన్నని బుడగలు నిండిన రబ్బరు నురుగు. కాలికి చలి తగలకుండా ఆపేది ఆ బుడగలే. ఎండకూ వేడికీ రబ్బరు బిరుసెక్కి పగుళ్లు పడుతుంది, జిగురూ వదులుతుంది. అందుకే నీడపట్టునే ఆరాలి. హెయిర్ డ్రయర్, వాషింగ్ మెషీన్ జోలికి అసలు పోవద్దు.

కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో హడావిడి తక్కువ. ముందు శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లు, పక్కన సోమేశ్వరుడి గుడి. మా గది మామూలుదే, కరెంటు పోతూ వస్తూ ఉంది. అయినా నీడ వరండా, కుళాయి, బకెట్, దండెం ఉన్నాయి. ఇంకేం కావాలి?

బూటులో మగ్గుతో మంచినీళ్లు పోసి, పై భాగం మూసి పట్టుకుని బాగా ఊపి వంచాను. కాలివేళ్ల దగ్గర పేరుకున్న ఒండ్రు గోధుమ రంగు నీళ్లై బయటికొచ్చింది. తేటనీళ్లు వచ్చేదాకా అలాగే చేసి, జిప్పు పళ్లను పాత టూత్‌బ్రష్‌తో తోమాను. పిండకూడదు, అదిమితే చాలు. ముందు మూతి కిందికి ఉండేలా వేలాడదీసి నీళ్లు కారనివ్వాలి. తర్వాత పై భాగాన్ని తిరగేసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. ముందు ఆరాల్సింది లోపలే. బయట పొడిగా ఉన్నా లోపల వేలు పెడితే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. అలాగే సంచిలో పెడితే ముక్కవాసన ఖాయం. అది పట్టేస్తే గోరువెచ్చని నీళ్లలో బేబీ షాంపూ కలిపి నానబెట్టి కడగాలి.

నల్లమలలోని మల్లెల తీర్థానికి వందల మెట్లు దిగాలి. నాచు పట్టిన రాళ్ల మీద ఈ బూట్లు చక్కగా పట్టు ఇస్తాయి. కానీ జలపాతం దగ్గర ఆరబెట్టుకునే వీల్లేదు. తిరుగు ప్రయాణంలో బూట్లను డిక్కీలో మూసిపెట్టకుండా, వల సంచిలో వేసి, సీటు ముందు ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకుని, అద్దం కాస్త దించండి.

సాగర్‌లో ఊడిన సోల్‌కి ఇంటికొచ్చాక నియోప్రీన్ జిగురు రెండు వైపులా పల్చగా రాసి, కాస్త ఆరనిచ్చి గట్టిగా నొక్కాను. బాగానే పట్టింది. సోమశిలకి మళ్లీ వెళ్తాను, ఆ వరండా గదే అడుగుతాను.